మా అమ్మాయి బరువు ఎంతో చెప్పను

సభకు పెద్దగా కూర్చున్న వర్తక సంఘం అధ్యక్షులు తాతబ్బాయి గారికి, ఆయన పక్కన కూర్చుని ఇప్పటికి రెండుసార్లు వాచీ చూసుకున్న మన బెల్లం మార్కెట్ యార్డు కార్యదర్శి గారికి (నవ్వులు), ముందు వరుసలో ఉన్న రైతు పెద్దలకు, నాతో పాటు కాటా పట్టిన కొలగార్లకు, నా కాటా మీదికి బెల్లం దిమ్మలెత్తి నడుములు పడగొట్టుకున్న కళాసీలకు, గోనెలు కుట్టే అక్కచెల్లెళ్ళకు, అందరికీ ఈ రోజుతో కాటా దించేస్తున్న మీ సత్తియ్య నమస్కారాలు.

మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదండీ అని మర్యాదకి అంటారు చూడండి, నేనలా అనను. ముప్పై ఎనిమిదేళ్ళు మైకు లేకుండానే ఈ యార్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా వినబడేట్టు అరిచిన గొంతు ఇది. కాకపోతే ఈ రోజు చెప్పబోయేది అరిచి చెప్పే సంగతి కాదు, అందుకని నోట్‌బుక్‌లో రాసుకుని వచ్చాను. పుస్తకం భాషలా ఉంటే ఏమీ అనుకోకండి. రాసుకోకపోతే మధ్యలో ఆగిపోతానని నా భయం.

ఇందాక వెంకటరమణ నన్ను పొగుడుతూ, సత్తియ్య బావ దిమ్మని కంటితో చూసి బరువు చెప్పేస్తాడు, తీరా కాటా ఎక్కిస్తే అరకేజీ తేడా ఉండదు అన్నాడు. అబద్ధం కాదు. ఇన్నేళ్ళు తూచాక ఎవడికైనా వస్తుంది ఆ విద్య, ఇందులో నా గొప్పేం లేదు. రెండో గొప్ప నా కేక అన్నాడు. కార్యదర్శి గారు కొత్తగా వచ్చారు కాబట్టి ఆయన కోసం చెబుతున్నాను, మా కొలగార్లు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అని మొదలుపెట్టరు. లాభం, రెండు, మూడు అంటారు. మొదటిది ఎప్పుడూ లాభమే. తూకం తేలాక బరువును మూడుసార్లు పలకాలి. రైతు వినాలి, కొనేవాడు వినాలి, రాసేవాడు పొరబడకూడదు. అంకె దాచిన కొలగారి చేతిలో దిమ్మ పెట్టొద్దని మా నాన్న చెప్పేవాడు, ఆ మాట మీదే బతికాను.

సరే, నా కన్నూ, నా గొంతూ మీకు ముద్దొచ్చాయి. శాలువాలు కప్పారు, సంతోషం. ఆ కన్నూ ఆ గొంతూ కలిసి మా అమ్మాయికి ఏం చేశాయో చెప్పి దిగిపోతాను. మీలో చాలామంది ఆ రోజు అక్కడే ఉన్నారు. (ఆగి) తాతబ్బాయి గారూ, శుభమా అని సభ చేసుకుంటుంటే ఇదేంటి అనుకోకండి. మళ్ళీ మీరందరూ ఒక్కచోట నాకు దొరకరు.

తనని అడగకుండా చెప్పడం లేదు. నిన్న సాయంత్రం ఇదంతా బిందుకి చదివి వినిపించాను. తర్వాత "సెప్పు నాన్నా. జబ్బు గురించి సెప్పినా పర్లేదు. ఆ నెంబరు మాత్రం సెప్పకు" అంది. అంచేత ఆ అంకె చెప్పను. గుర్తున్నవాళ్ళు కూడా దయచేసి పక్కవాళ్ళకి చెప్పకండి.

మా బిందుమాధవి మీకు తెలుసు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. మూడేళ్ళ కిందట శ్రావణమాసంలో దానికి నిద్ర దూరమైంది. ఆరు రోజులు కన్ను మూయలేదు. ఫ్యాను తిరుగుతుంటే అందులోంచి ఎవరో తన పేరు పెట్టి తిడుతున్నారనేది. అన్నంలో ఏదో కలిపామని కంచం తోసేసేది. కన్నతల్లిని పట్టుకుని "నువ్వెవత్తివి, మాయమ్మ ఏది" అని అడిగింది ఒకరోజు. గాలి సోకిందన్నారు, దిష్టన్నారు, అన్నారు కదా అని మేమూ ఊళ్ళో ఉన్న తాయెత్తులన్నీ కట్టించాం. అదిగో, వెనక వరుసలో కూర్చున్నారు సిస్టర్ దీనా గారు, మా వీధిలోనే ఉంటారు, ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు పొద్దున్నే వచ్చి నన్ను గుమ్మంలో నిలబెట్టి కడిగేశారు. "కాలిరిగితే తాయెత్తు కడతారేటండి సత్తియ్యగారూ? ఇదీ జబ్బే. దీనికీ డాక్టరున్నాడు. బయల్దేరండి, నేనూ వత్తాను" అన్నారు. అమ్మా, మీకు ఆ రోజు దణ్ణం పెట్టలేదు, ఇప్పుడు పెడుతున్నాను.

విశాఖపట్నంలో డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. రోజూ సాయంత్రం ఏడింటికి మాత్ర, తప్పకూడదు, ఏళ్ళ తరబడి వాడాల్సి రావచ్చు. ఇది వేసుకుంటే ఆకలి పెరుగుతుంది, ఒళ్ళు వస్తుంది, అమ్మాయిని నడిపించండి, తీపి తగ్గించండి అంది. బెల్లం యార్డు కొలగారికి చెప్పింది తీపి తగ్గించమని. (నవ్వులు) ఇంకో మాట కూడా అంది, అది మాకు వినబడలేదు. బరువు మరీ పెరిగితే మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు, నా దగ్గరికి రండి, మందు మార్చే దారి చూస్తాను అంది. పిల్ల బాగవుతుందన్న ఒక్క మాట విని, మిగతావన్నీ అక్కడే వదిలేసి బస్సెక్కాం.

బాగయింది. కాలేదని ఎవరూ అనలేరు. నలభై రోజులకి నిద్ర పట్టింది. మూడో నెలలో టీవీలో ఏదో చూసి కిసుక్కున నవ్వింది, ఆ నవ్వు విని మా ఆవిడ అప్పలనర్సమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. మళ్ళీ స్కూలుకి వెళ్ళింది. దానితో పాటే ఆకలీ వచ్చింది. అది మామూలు ఆకలి కాదు. తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ వచ్చి కంచం ముందు కూర్చునేది. "కడుపు నిండినట్టే ఉండట్లేదే అమ్మా" అని ఏడుపు ముఖం పెట్టేది. "తిననీ. తినని రోజులు సూసేను" అని మా ఆవిడ వడ్డించేది. మాడుగుల నుంచి ఎవరొచ్చినా హల్వా పట్టుకొచ్చేవారు. జబ్బుపడి లేచిన పిల్ల కదా, వద్దని ఎవరంటారు?

ఏడాది తిరిగేసరికి పాత బట్టలు ఒక్కటీ పట్టలేదు. షేర్ ఆటోవాడు "ఇద్దరి సోటు కావాలమ్మా నీకు" అన్నాడట, ఆ రోజు నుంచి స్కూలుకి నడిచి వెళ్ళేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలో చెప్పులు విప్పకముందే "ఏటే, ఇంత లావైపోనావు" అనేవారు. అది పలకరింపు మనకి. మొదట్లో "మందులండీ" అని నవ్వేది. తర్వాత తర్వాత ఎవరైనా వస్తుంటే గదిలోకి వెళ్ళిపోయేది. కూర్చుని తింటోంది కాబట్టి పెరిగింది అనుకునేవాళ్ళకి, మాత్ర ఒళ్ళు పెంచుతుందని ఎంతమందికని చెబుతాం? చెబితే ఏ మాత్ర అంటారు, ఎందుకేసుకుంటోంది అంటారు. పెళ్ళి కావాల్సిన పిల్ల.

మరి డాక్టరమ్మ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటారా? సిగ్గేసింది. చచ్చి బతికింది పిల్ల, ఒళ్ళొచ్చిందని వెళ్ళి ఫిర్యాదు చేస్తామా, ఆశకి అంతుండొద్దా అనుకున్నాం.

నేను మాత్రం నోటితో ఒక్క మాటా అనలేదు. అలా అననందుకు కొన్నాళ్ళు గొప్పగా కూడా చెప్పుకున్నాను. కానీ ఈ పాడు కన్ను ఊరుకోదు కదా. పొద్దున్నే పిల్ల ఎదురుపడితే చాలు, లోపల ఒక అంకె పడిపోయేది. అది దానికి తెలిసిపోయేది. "తూసేసేవా నాన్నా?" అనేది. లేదమ్మా అనేవాణ్ణి. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు మొక్కు సంగతి. జబ్బు ముదిరిన రోజుల్లో మా ఆవిడ నూకాలమ్మ తల్లికి మొక్కుకుంది, పిల్ల కోలుకుంటే బెల్లంతో తూచి ఆ బెల్లం నీ గుమ్మంలో పంచుతానని. ఉగాది ముందు పోయిన కొత్త అమావాస్య జాతర వెళ్ళాక, ఇంక తీర్చకపోతే తల్లికి కోపం వస్తుందంది. బిందు బతిమాలింది. "ఇంట్లోనే తూసుకుని, అంత బెల్లం గుడికి పంపించీరాదా అమ్మా" అంది. మొక్కింది మొక్కినట్టు తీర్చాలని వాళ్ళమ్మ. నా వైపు చూసింది బిందు. నేనన్నాను కదా, మన యార్డులోనే తూచుదాం, అక్కడ పరాయివాళ్ళెవరున్నారు, అందరూ మనవాళ్ళే కదా అని. నా కూతురిని నా కాటా మీద నేనే తూచుకోవాలని నాకు ముచ్చట, అది కూడా దాచను. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక మూల పడేసిన పాత తక్కెడ దింపించి, కడిగి, గొలుసులకి పసుపు రాశాం. మా ఆవిడ మూడు దిమ్మలు ఎంచి బొట్లు పెట్టి పక్కన ఉంచింది. మూడు చాలనుకుంది. దాని మనసులో ఉన్నది ఇంకా పాత పిల్లే.

ఆదివారం పొద్దున్న పది గంటలకి. మీరంతా వచ్చారు, సొంత పిల్ల వేడుక అనుకుని వచ్చారు. బిందు పళ్ళెంలో కూర్చుని రెండు చేతులతో గొలుసులు పట్టుకుంది. నేను తలపాగా చుట్టాను. లాభం అన్నాను. రెండు అన్నాను. మూడు అన్నాను. పళ్ళెం లేవలేదు. కళాసీ అయ్యప్ప గోదాములోకి పరుగెత్తి ఇంకోటి తెచ్చాడు. నేను పలికాను. ఎన్ని తెచ్చాడో చెప్పను. తెచ్చినప్పుడల్లా పలికాను, పలుకుతున్నకొద్దీ నాకు ఊపొచ్చింది, గొంతు లేచింది, సంత రోజున లేచినట్టే లేచింది. అప్పుడొకడు "మావా, లారీ పిలవమంటావేటి!" అన్నాడు. వాడెవడో నాకు తెలుసు, ఈ హాల్లోనే ఉన్నాడు, తల దించుకోకురా, నీ మీద నాకు కోపం లేదు. అందరూ నవ్వారు. (ఆగి) నేనూ నవ్వాను.

తర్వాత బరువు పలికాను. మొదటిసారి పలికినప్పుడే బిందు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, వద్దని. నేను చూడలేదని చెప్పుకోవచ్చు, ఎవరూ కాదనలేరు. చూశాను. చూసి కూడా మిగతా రెండుసార్లూ పలికాను. మూడుసార్లు పలకనిదే మన దగ్గర తూకం పూర్తి కాదు కదా. గంగాభవాని అక్క కుడుతున్న గోనె పక్కన పడేసి వచ్చి, "సాల్లే సత్తియ్యా, పిల్లకి సెమటలు పడతన్నాయి, సూడవేటి" అని దాన్ని చెయ్యి పట్టి దింపింది. అక్కా, అక్కడున్న ఇంతమందిలో దాని ముఖం చూసింది నువ్వొక్కదానివే.

ఆ రోజు సాయంత్రం నుంచి బిందు మాత్ర మింగలేదు. మాకు తెలియదు. వాళ్ళమ్మ చేతికిచ్చి నిలబడేది, ఇది నాలుక కింద పెట్టుకుని, నీళ్ళు తాగి, బాత్రూమ్‌లోకి వెళ్ళి ఉమ్మేసేది. రెండు నెలల్లో మనిషి కొంచెం తగ్గింది. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదా? "నాలుగు కేజీలు తగ్గేవమ్మా" అని పైకే చెప్పాను. దాని ఒంటి గురించి నేను మంచిమాట అన్నది అదే మొదటిసారి. ఎంత సంబరపడిందో! నాలుగు కేజీలు కనిపెట్టిన నా కంటికి, అది వారం రోజులుగా నిద్రపోవడం లేదని కనబడలేదు. ఫ్యాను కట్టేసి చెమటలో కూర్చుంటోందని కనబడలేదు.

ఆషాఢంలో ఒకరోజు స్కూలుకని వెళ్ళి రాలేదు. వెంకటరమణా, నువ్వూ నేనూ మోటారు సైకిలు మీద ఎన్ని ఊళ్ళు తిరిగామో నీకు తెలుసు. మూడో రోజు పూడిమడక నుంచి ఫోనొచ్చింది. సముద్రం ఒడ్డున, చేపలు ఎండబెట్టే చోట కూర్చుని ఉంది. చెప్పుల్లేవు, కాళ్ళు పగిలి రక్తం కారి ఎండిపోయాయి. అప్పలకొండమ్మ అని చేపలమ్ముకునే ముసలమ్మ, దాన్ని తన పాకలో పడుకోబెట్టి కాపలా కాసింది. నన్ను చూడగానే "బాబూ, అన్నం పెడితే ముట్టనేదు. తింటే తూత్తారు అంతంది. ఎవులు తూత్తారమ్మా అంటే సెప్పదు" అంది. ఎవరు తూస్తారో ఆవిడకి నేనూ చెప్పలేకపోయాను.

మంచినీళ్ళు వద్దు, కూర్చో వెంకటరమణా. చదవగలను.

ఇరవై ఆరు రోజులు వార్డులో ఉంచారు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగింది. బరువు పెరుగుతుందని చెప్పాను కదా, పెరిగితే రమ్మన్నాను కదా, ఎందుకు రాలేదు అంది. ఇలా ఎంతోమంది మానేస్తారట. రోగం తిరగబెట్టి వచ్చేవాళ్ళలో చాలామంది, అద్దం చూసుకుని మాత్ర పారేసినవాళ్ళేనట. మీరు సిగ్గుపడి దాచుకున్నది నాకు రోజూ వినే మాటే, ఆ ఒక్క మాట వచ్చి చెప్పుంటే అప్పుడే మార్చేదాన్ని అంది.

ఇప్పుడు మందు మార్చారు. ఒళ్ళు కొంచెం తక్కువ పెంచుతుందట. పెరిగింది మొత్తం తగ్గుతుందని మాత్రం చెప్పలేనన్నారు. నెలనెలా సుగరు పరీక్ష. నడవాలి, కానీ వీధిలోకి రాదు, మేడ మీద నడుస్తుంది, పక్కింటి వాళ్ళు పైకొస్తే దిగిపోతుంది. స్కూల్లో ఉద్యోగం పోయింది. మాత్ర వేసుకుంటోంది. నేను గదిలోంచి బయటికి వెళ్తేనే వేసుకుంటుంది. రోజూ ఏడింటికి నేను వీధి అరుగు మీద కూర్చుంటాను, లోపల గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడితే లేస్తాను.

అందుకని మిమ్మల్ని ఒకటే కోరుకుంటున్నాను. నాకు ఉంగరం వద్దు, ఊరేగింపు వద్దు. మీ ఇళ్ళలో, వీధుల్లో ఇలా మాత్రలు వేసుకునే పిల్లలుంటారు, మీకు తెలియకపోవచ్చు. వాళ్ళు ఎదురుపడితే లావయ్యావనొద్దు, సన్నబడ్డావనీ అనొద్దు. రెండోది ఇంకా ప్రమాదం. భోంచేశావా అనండి, పాఠాలెలా చెబుతున్నావనండి, ఏమీ తోచకపోతే ఊరుకోండి. ఊరుకోవడం కొలగారికి చేతకాదు, మీకు చేతనవుతుంది.

నోట్‌బుక్‌లో రాసింది ఇక్కడితో అయిపోయింది. చివర అందరికీ ధన్యవాదాలు అని ఉంది. కానీ ఇంకొకటి మిగిలింది. ఇది బిందుకి చదివి వినిపించలేదు, ఎందుకంటే ఈ మధ్యాహ్నమే జరిగింది.

మూడు గంటలకి నేను పంచె కట్టుకుంటున్నాను. బిందు వచ్చి గుమ్మంలో నిలబడింది. తల దువ్వుకుంది, ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక చీర కట్టడం అదే మొదలు. "నాన్నా, నేనూ రానా?" అంది.

రా తల్లీ అనాలి. ఎంత మాట అది? నేను అనలేదు. వద్దనీ అనలేదు. తలనుంచి పాదాలదాకా చూశాను. ఈ హాలు గుర్తొచ్చింది, మీరంతా తిరిగి చూడటం గుర్తొచ్చింది. ఎంతసేపని? రెప్పపాటు. అది నా కళ్ళే చూస్తోంది. "నాకు తలనొప్పిగా ఉంది. నువ్వెళ్ళు నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపేసుకుంది.

ఇందాక స్టేజీ ఎక్కగానే తాతబ్బాయి గారు "పిల్ల రాలేదేటి సత్తియ్యా?" అని అడిగారు. తలనొప్పండీ అన్నాను. కాదు. వస్తానంది. నేనే సిగ్గుపడ్డాను. యార్డులో ఆ రోజు జరిగింది అలవాటు చేసిన పని అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఈ మధ్యాహ్నం కాటా లేదు, నవ్వేవాళ్ళు లేరు. మా ఇంట్లో నేనూ నా కూతురూ ఉన్నాం, అంతే.

ఆరున్నర దాటింది. ఈ రోజు మాత్ర వేసుకుంటుందో లేదో నాకు తెలియదు. భోజనాలకి ఉండలేను, ఏమీ అనుకోకండి. అప్పలనర్సమ్మా, లే, పోదాం. అధ్యక్షుల వారికి, ఇన్నేళ్ళు నా మాట నమ్మిన రైతులకు, నాతో బరువులు మోసిన అందరికీ రుణపడి ఉంటాను. ఇంటికెళ్ళి తలుపు కొట్టి, నిన్ను తీసుకెళ్ళడానికి సిగ్గుపడ్డానమ్మా, క్షమించు అని అడుగుతాను. తియ్యకపోతే అక్కడే కూర్చుంటాను. సెలవు.